ఇంఫాల్ 1944: ఆజాద్ హింద్ ఫౌజ్‌ను ఆపింది వానా, బియ్యమా, బండ్లా?

#1 తూర్పుగాలి

అందరికీ నమస్కారం. నేతాజీ సైన్యం కథ ఇంఫాల్ దగ్గరికి రాగానే చాలామంది "వానలొచ్చాయి, వెనక్కి తగ్గారు" అని ఒక్క ముక్కతో ముగించేస్తారు. ఆ కొండల్లో వాన మే నెల నడిమికల్లా దిగుతుందని బర్మాలో ఏ రైతుని అడిగినా చెబుతాడు. మార్చిలో బయలుదేరిన సైన్యం తెలిసి తెలిసి ఆ వానకి ఎలా చిక్కింది? ఎంతమంది వెళ్లారు, చేతిలో ఏముంది, ఏం తిన్నారు, ఎక్కడ తెగింది? తేదీలతో, లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి. వీరగాథలు చాలా ఉన్నాయి. అవి కాకుండా సరుకుల సంగతి కావాలి.

#2 చింద్విన్

ముందు తేదీలు పెడతాను, మిగతావాళ్లు పూరించండి.

1944 జనవరి 7న టోక్యో నుంచి దాడికి అనుమతి వచ్చింది. జపాన్ 15వ సైన్యానికి అధిపతి ముతాగుచి. ఆయన కింద మూడు డివిజన్లు. దక్షిణాన 33వది టిడిమ్ రోడ్డు మీదుగానూ టాము–పాలేల్ దారిలోనూ రావాలి. 15వది ఉత్తరం నుంచి ఇంఫాల్‌ని చుట్టాలి. 31వది కోహిమాని పట్టాలి. 33వ డివిజన్ మార్చి 7–8 తేదీల్లో కదిలింది. మిగతా రెండూ మార్చి 15 రాత్రి చింద్విన్ నది దాటాయి. మార్చి నెలాఖరుకి ఇంఫాల్–దిమాపూర్ రోడ్డు తెగింది. ఏప్రిల్ 4న కోహిమా ముట్టడి మొదలైంది.

సైనికులకి దాదాపు మూడు వారాల తిండి ఇచ్చి పంపారు. ఏప్రిల్ 29 జపాన్ చక్రవర్తి పుట్టినరోజు. ఆ లోపల ఇంఫాల్ చేతికి రావాలని ముతాగుచి పట్టు. అక్కడి బ్రిటిష్ గోదాములు దొరికితే ఆ తర్వాత తిండికి కొదవ ఉండదని లెక్క. అంటే వాన సంగతి వాళ్లకి తెలియక కాదు. వాన మొదలయ్యేసరికి ఇంఫాల్ గోదాముల్లో ఉంటామనుకున్నారు. పథకం మొత్తం ఆ ఒక్క మేకుకి వేలాడింది. గోదాములు దొరకలేదు, వాన మాత్రం వేళకే వచ్చింది.

మాంసానికి, మోతకి కలిసొస్తాయని వేల పశువుల్ని తోలుకెళ్లారు. చింద్విన్ దాటేటప్పుడే చాలా కొట్టుకుపోయాయి. కొండెక్కేటప్పుడు ఇంకా పోయాయి. బర్మా ఎద్దు మాగాణి దున్నే పశువు, ఆ కొండదారుల్లో బరువు మోయడం దానికి అలవాటు లేదు.

#3 కొలతబద్ద

తూర్పుగాలి గారూ, మీరు అడిగిన సరుకుల సంగతికి ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇందులో మనిషి తిండి, మోత, నడక నేను అనుకున్న అంకెలు. దారి పొడవు మాత్రం నిజమైనది.

ఫౌజ్‌లోని గాంధీ రెజిమెంటులాంటి 2,000 మంది దళం తీసుకోండి. మనిషికి రోజుకి 600 గ్రాముల బియ్యం చాలనుకుందాం. ఉప్పు, పప్పు, తూటాలు అన్నీ పక్కన పెట్టండి. ఒక్క బియ్యమే రోజుకి 1,200 కిలోలు. చిన్న లారీకి ఒక లోడు. వినడానికి ఎంత తేలిక!

చింద్విన్ రేవు కలేవా నుంచి సరిహద్దులోని టాము దాకా కబో లోయ వెంట దారి సుమారు 150 కిలోమీటర్లు. ఎండాకాలంలో మట్టిబాట. లారీ వెళ్లి రావడానికి నాలుగు రోజులు పడితే, రోజూ ఒక లోడు చేరాలంటే నాలుగు లారీలు తిరుగుతూ ఉండాలి. చెడిపోయేవాటికి ఇంకో రెండు. ఆరు లారీలుంటే ఒక రెజిమెంటు తింటుంది.

లారీలు లేవు, మనుషులే మోయాలి అనుకోండి. కూలీ 25 కిలోలు మోస్తాడు, రోజుకి 20 కిలోమీటర్లు నడుస్తాడు. పోను ఏడున్నర రోజులు, రాను ఏడున్నర, మొత్తం 15 రోజులు. ఆ 15 రోజులూ అతను కూడా తినాలి, 9 కిలోలు. ముందుకి చేరేది 16 కిలోలు. రోజుకి 75 మంది చేరాలి. వాళ్లు 15 రోజులు దారిలోనే ఉంటారు కాబట్టి మొత్తం 1,125 మంది కూలీలు కావాలి.

ఇప్పుడు వాన పడింది. మోకాలిలోతు బురదలో రోజుకి 10 కిలోమీటర్లే. ప్రయాణం 30 రోజులు, కూలీ తిండి 18 కిలోలు, ముందుకి చేరేది 7 కిలోలు. ఇప్పుడు కావలసిన కూలీలు 5,100 పైచిలుకు. రెండువేల మంది సైనికులకి ఐదువేల మంది కూలీలు! నడక సగానికి తగ్గితే కూలీల సంఖ్య రెట్టింపు అవుతుందనుకుంటాం. నాలుగున్నర రెట్లయింది. ఎందుకంటే మోసేవాడే మోసిన బియ్యం తినేస్తున్నాడు. రోజుకి 7 కిలోమీటర్లకి పడిపోతే అతను తెచ్చింది దాదాపు అంతా అతనికే సరిపోతుంది.

టాము దాటాక కొండ ఎక్కాలి. ఆ దారి నేను కలపనే లేదు.

#4 గోదారిగట్టు

లెక్క బావుంది గానీ ఒక సవరణ. తిరుగుదారిలో కూలీ మోత ఖాళీ. నడక వేగంగా ఉంటుంది. మధ్యలో మజిలీలు పెట్టి గొలుసులా చేతులు మారిస్తే ఎవరూ మొత్తం దారి నడవక్కర్లేదు. మీరు వేసినంత ఘోరంగా ఉండదు.

#5 కొలతబద్ద

తిరుగు నడక మాట ఒప్పుకుంటున్నాను. ఎండాకాలంలో అంకె కొంత తగ్గుతుంది. మజిలీల మాట మాత్రం పూర్తిగా కాదు. గొలుసు కట్టినా 150 కిలోమీటర్ల పొడవునా అన్ని కడుపులూ నిండాలి, అవి ఎక్కడ నిలబడి ఉన్నా. మజిలీ వల్ల అలసట, జబ్బు, సరుకు పారేసుకోవడం తగ్గుతాయి. మొత్తం తిండి పెద్దగా తగ్గదు. పైగా మజిలీకి కాపలా, గోదాము, వాన తగలకుండా కప్పు కావాలి. తడిసిన బియ్యం మూడు రోజుల్లో ముక్కిపోతుంది.

#6 దస్త్రాలగది

ఇక ఫౌజ్ సంగతి. జపాన్ కథతో కలిపేస్తే దీని బాధ కనిపించదు.

మొదట ఈ సైన్యం ముందు వరసకి వెళ్లడమే జపాన్ దక్షిణ సైన్యాధిపతి తెరౌచికి ఇష్టం లేదు. ప్రచారానికీ, గూఢచారానికీ చిన్న చిన్న జట్లుగా వాడుకుందామన్నాడు. భారత నేల మీద పడే మొదటి రక్తపు బొట్టు ఫౌజ్‌ది కావాలని నేతాజీ పట్టుబట్టారు. చివరికి ఒక రెజిమెంటుని పరీక్షగా పంపడానికి ఒప్పుకున్నారు. అందుకోసం మిగతా వాటిలోంచి మెరికల్ని ఏరి 1వ గెరిల్లా రెజిమెంటు కట్టారు. సుమారు 3,000 మంది, నాయకుడు షా నవాజ్ ఖాన్. దానికి తన పేరు పెట్టవద్దని నేతాజీ అన్నా సైనికులు "సుభాష్ బ్రిగేడ్" అనే పిలిచారు. 1944 ఫిబ్రవరి 3న రంగూన్‌లో ఆయనే దానికి వీడ్కోలు చెప్పారు. 2వది గాంధీ రెజిమెంటు, ఇనాయత్ కియానీ. 3వది ఆజాద్ రెజిమెంటు, గుల్జారా సింగ్. 4వది నెహ్రూ రెజిమెంటు. ఇది 1945లో ఇరావతి ఒడ్డున పోరాడింది. మొదటి డివిజన్ మొత్తానికి మహమ్మద్ జమాన్ కియానీ అధిపతి. వీటికి తోడు బహాదుర్ గ్రూప్ అని గూఢచార దళం, చిన్న చిన్న జట్లుగా జపాన్ దళాల ముందు నడిచేది.

"గెరిల్లా" అన్న మాటని గట్టిగా పట్టించుకోండి. ఈ రెజిమెంట్లకి ఫిరంగులు లేవు, విమానాలు లేవు, సొంత లారీలు లేవనే చెప్పాలి. వైర్‌లెస్, టెలిఫోను సామాను కరువు. తిండికీ బండ్లకీ హికారి కికాన్ అనే జపాన్ సంధాన కార్యాలయాన్ని అడగాలి. ఆ కార్యాలయం జపాన్ సైన్యాన్ని అడగాలి. ఆ సైన్యానికే తిండి లేదు. గొలుసులో చివరి కడుపు ఫౌజ్‌ది.

గాంధీ రెజిమెంటుకి జరిగింది చూడండి. ఏప్రిల్‌లో వాళ్లు చేరేసరికి ఇంఫాల్ ఇవాళో రేపో పడిపోతుంది, ఆలస్యం చేస్తే ప్రవేశానికి అందుకోలేరు, బరువు దింపి పరుగెత్తండి అన్నారు. మెషిన్‌గన్‌లు, చేతిబాంబులు వెనక వదిలేశారు. మనిషికి ఒక కంబళి, ఒక రైఫిలు, 50 తూటాలు. అలా కొండెక్కారు. మే 2–3 రాత్రి మేజర్ ప్రీతం సింగ్ సుమారు 300 మందితో పాలేల్ మీదికి వెళ్లాడు.

#7 తూర్పుగాలి

పాలేలే ఎందుకు? అక్కడ అంత ముఖ్యమైంది ఏముంది? ఇంకోటి, 50 తూటాలంటే ఎక్కువా తక్కువా?

#8 పల్టన్

రెండోదానికి నేను చెబుతాను. ఫౌజ్ చేతిలోవి మలయా, సింగపూర్‌లలో బ్రిటిష్ సైన్యం అప్పగించిన ఆయుధాలు. పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు, బ్రెన్ గన్. రైఫిలు మ్యాగజైన్‌కి 10 తూటాలు. 50 అంటే ఐదు నింపుళ్లు. అలవాటున్న సిపాయి గురిచూసి నిమిషానికి 15 కాలుస్తాడు. మూడు నిమిషాల పైచిలుకు యుద్ధం! కాపుకాసి ఒక్కో గుండే కాల్చే గెరిల్లాకి ఒకరోజు సరిపోతుందేమో. కందకాల్లో మెషిన్‌గన్‌లతో కూర్చున్న కాపలా ఠాణా మీదికి వెళ్లడానికి సరిపోదు. చేతిబాంబు లేకుండా కందకంలో ఉన్నవాణ్ణి కదిలించడం అసలే కష్టం.

ఇంకో చిక్కు. అయిపోతే జపాన్ వాళ్లని అడుగుదామంటే కుదరదు. జపాన్ పదాతి రైఫిళ్లు పాతవి 6.5 మి.మీ., కొత్తవి 7.7 మి.మీ. ఈ 7.7కీ మన 303కీ గుండు మందం దాదాపు ఒకటే, అందుకే చాలామంది ఒకటే అనుకుంటారు. డొక్క, అంటే మందు నింపే లోహపు గొట్టం, వేరు. 303 డొక్క 56 మి.మీ., అడుగున అంచు ఉంటుంది. జపాన్ రైఫిలు 7.7 డొక్క 58 మి.మీ., అంచు లేదు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పేలదు. కాబట్టి ఫౌజ్‌కి తూటాలు రెండే చోట్ల దొరుకుతాయి, సింగపూర్‌లో పట్టుబడిన పాత నిలవలో, లేదా ఎదురుగా ఉన్న శత్రువు దగ్గర.

#9 చింద్విన్

పాలేల్ సంగతి. ఇంఫాల్ మైదానంలో ఆరు విమాన మైదానాలు ఉండేవి. వానాకాలంలోనూ పనికొచ్చేవి రెండే, ఇంఫాల్ మెయిన్, పాలేల్. మిగతావి వాన పడితే చిత్తడి. పాలేల్ పోతే దిగ్బంధంలో ఉన్న బ్రిటిష్ సైన్యానికి సగం ఊపిరి ఆగుతుంది. టాము నుంచి వచ్చే రోడ్డు షెనామ్ కనుమ దిగి మైదానంలోకి వచ్చేది కూడా అక్కడే.

దాడి నిలవలేదు. గూర్ఖా కాపలా ఠాణా దగ్గర అడ్డుపడింది, వెనక్కి తగ్గుతున్నవాళ్ల మీద ఫిరంగులు పడ్డాయి. విమాన మైదానాన్ని పట్టుకున్నామని కొన్ని కథనాలు, అసలు దరిదాపులకి రాలేదని బ్రిటిష్ కథనాలు. నా అభిప్రాయం అడిగితే, కొద్దిమంది చొరబడగలిగినా పట్టు నిలుపుకునే సామగ్రి వాళ్ల దగ్గర లేదు. మెషిన్‌గన్‌లు టాము వెనక ఉండిపోయాయి. ఆ రాత్రి తెగువలో లోటు కనిపించదు నాకు. లోటంతా వారం ముందు "బరువు దింపండి" అన్న ఆదేశంలో ఉంది.

#10 గోదారిగట్టు

అంటే జపాన్ వాళ్లు మోసం చేశారన్నమాటే కదా. ఇంఫాల్ పడిపోతోందని అబద్ధం చెప్పి ఖాళీ చేతులతో పంపారు.

#11 దస్త్రాలగది

మోసం అనడానికి నా మనసొప్పదు. వాళ్లు తమ సొంత డివిజన్లకీ అదే చెప్పారు, అదే తిండితో పంపారు. 31వ డివిజన్ అధిపతి సాతో తిండి అందక మే నెలాఖరున, ఆదేశాన్ని ధిక్కరించి, కోహిమా నుంచి వెనక్కి నడిచాడు. ముగ్గురు డివిజన్ అధిపతుల్నీ యుద్ధం మధ్యలోనే పదవుల్లోంచి తీసేశారు. సుమారు 85,000 మందితో మొదలైన దండయాత్రలో 50,000 పైచిలుకు నష్టం. అబద్ధం చెప్పి తప్పుకున్నవాడి లెక్క ఇలా ఉండదు. తమ నమ్మకాన్నే తిని బతకొచ్చనుకున్నారు.

చిన్నచూపు మాత్రం ఉంది. అది వేరే నేరం. సుభాష్ రెజిమెంటులో రెండు బెటాలియన్లని చిన్ కొండల్లో హాకా, ఫలాం వైపు పంపారు. అక్కడ దారులు బాగుచేయడం, సరుకులు మోయడం అప్పగించారు. యుద్ధం తర్వాత ఫౌజ్ అధికారుల మీద జరిగిన ఎర్రకోట విచారణలో షా నవాజ్ సొంత డైరీని ప్రభుత్వమే సాక్ష్యంగా పెట్టింది. ఏరి కూర్చిన రెజిమెంటుని కూలీల్లా వాడుతున్నారన్న ఆక్రోశం, తన మనుషులు ఆకలితో పడిపోతున్నారన్న బాధ ఆ డైరీలో ఉన్నాయి. ప్రభుత్వం నేరం రుజువు చేయడానికి తెచ్చిన పుస్తకం జనానికి ఇంకో సంగతి చెప్పింది.

హాకా దాదాపు 6,000 అడుగుల ఎత్తు. రాత్రి చలికి మంటల చుట్టూ కూర్చుని తెల్లవార్చాల్సిన చోటు. అక్కడ ఒక కంబళి, దోమతెర లేదు. ఉప్పు లేదు, బియ్యంలో అడవి ఆకు కలిపి ఉడికించారు.

#12 కొలతబద్ద

ఉప్పు మాట వచ్చింది కాబట్టి. చెమట కారే నడకలో ఉప్పు లేకపోతే పది రోజుల్లో కాళ్లు పట్టేస్తాయి, నీరసం, ఆకలి చచ్చిపోవడం. విరేచనాలు పట్టుకున్నవాడికి నీటితో పాటు ఉప్పు పోతుంది, తిరిగి పెట్టకపోతే ప్రాణం పోతుంది. మనిషికి రోజుకి 15 గ్రాములనుకున్నా 2,000 మందికి 30 కిలోలు. ఇద్దరు కూలీల మోత కూడా కాదు. మొత్తం లెక్కలో ఇంత చిన్న వస్తువు ఇంకోటి లేదు. అదీ చేరలేదంటే దారి పూర్తిగా తెగిపోయిందని అర్థం.

#13 తూర్పుగాలి

మలేరియా మందు సంగతి? జావా జపాన్ చేతిలోనే ఉంది కదా?

#14 పల్టన్

అదే ఈ కథలో కడుపు తరుక్కుపోయే భాగం. యుద్ధానికి ముందు ప్రపంచంలో వాడే క్వినైన్‌లో సుమారు 90 శాతం ముడిసరుకు జావా తోటలది. 1942 నుంచి ఆ తోటలు జపాన్‌వి. బర్మా డెల్టా ప్రపంచంలోనే పేరుమోసిన వరి భూమి. అదీ జపాన్‌దే. క్వినైన్ చేతిలో ఉండి మలేరియాతో, వరి చేతిలో ఉండి ఆకలితో చచ్చిపోయారు. సరుకు ఉన్న చోటికీ మనిషి ఉన్న చోటికీ మధ్య ఓడ లేదు, రైలు లేదు, లారీ లేదు.

బ్రిటిష్ వైపు క్వినైన్ కరువే. వాళ్లు ఫ్యాక్టరీలో తయారైన మెపాక్రిన్ మాత్ర వాడారు. రోజూ వరసలో నిలబెట్టి, ఎదురుగా మింగించి, మింగకపోతే అధికారిని బాధ్యుణ్ణి చేశారు. మాత్ర ఉండటం కంటే మింగించే పద్ధతి వాళ్లని కాపాడింది.

#15 చింద్విన్

రైలు సంగతి కలుపుతాను. సింగపూర్ నుంచి సరుకు సముద్రం మీద రంగూన్ వస్తే తేలిక. ఆ దారిలో మిత్రరాజ్యాల జలాంతర్గాములు, విమానాలు. అందుకే 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుమార్గం వేశారు, 1943 అక్టోబర్‌లో పూర్తయింది. దాని కట్టుబడిలో చచ్చిపోయినవాళ్లలో మలయా తోటల నుంచి తీసుకెళ్లిన దక్షిణాది కూలీలు, తమిళులూ తెలుగువాళ్లూ, లెక్కలేనంతమంది. అంత ప్రాణనష్టంతో వేసిన ఆ ఒంటి పట్టాల మీదే బర్మాలో జపాన్ సైన్యానికి కావలసినవన్నీ రావాలి. వంతెన ఒకటి బాంబుకి కూలితే వెనక రైళ్లన్నీ నిలిచిపోతాయి. ఫౌజ్ దళాలు రైల్లో చోటు దొరక్క ఎంతో దూరం నడిచి వచ్చాయి. నడిచొచ్చిన అలసట తీరకముందే కొండెక్కాయి.

పైగా 1944 మార్చి 5 రాత్రి నుంచి బ్రిటిష్ వాళ్ల చిండిట్ దళాలు విమానాల్లో ఉత్తర బర్మాలో దిగి అక్కడి రైలుదారి తెగ్గొట్టాయి.

#16 గోదారిగట్టు

ఎదుటి పక్షం కూడా దిగ్బంధంలోనే ఉంది కదా? వాళ్లకి తిండి ఎలా చేరింది?

#17 కొలతబద్ద

విమానాల్లో. నేల మీద దారి తెగిన కాలంలో ఇంఫాల్‌కి సుమారు 19,000 టన్నుల సరుకు, 12,000 మంది కొత్త సైనికులు విమానాల్లో వచ్చారు. తిరుగు ప్రయాణంలో 13,000 మంది గాయపడినవాళ్లనీ జబ్బుపడినవాళ్లనీ, 43,000 మంది యుద్ధం చేయనివాళ్లనీ బయటికి తీసుకెళ్లారు. ఈ రెండో అంకె మీద ఆగండి. తినే నోళ్లు 43,000 తగ్గించారు! పైన వేసిన లెక్క తిరగేసి చూస్తే అది ఎంత పెద్ద సరుకో తెలుస్తుంది. మనిషికి 600 గ్రాముల చొప్పున రోజుకి దాదాపు 26 టన్నుల బియ్యం రవాణా తప్పింది.

డకోటా విమానం ఒక్క విడతలో సుమారు రెండున్నర, మూడు టన్నులు మోస్తుంది. అంటే గాంధీ రెజిమెంటు రెండు రోజుల బియ్యం ఒక్క ఎగురుడులో. పైలట్ దారిలో ఆ బియ్యం తినడు. వాన బురద అతనికి అడ్డం కాదు, మబ్బు మాత్రమే అడ్డం. 1944లో ఆ ఆకాశం మిత్రరాజ్యాలది. ముతాగుచి లెక్కలో ఇది లేదు. రెండేళ్ల క్రితం మలయాలో రోడ్డు కోస్తే బ్రిటిష్ దళం కుప్పకూలేది. ఈసారి రోడ్డు కోసినా దళం కదలలేదు.

#18 తూర్పుగాలి

ఇంకో సందేహం. బ్రిటిష్ సైన్యంలోని భారతీయ సిపాయిలు ఫౌజ్‌ని చూడగానే ఇటు వచ్చేస్తారని నేతాజీ ఆశించారు కదా. ఎందుకు రాలేదు?

#19 దస్త్రాలగది

ఆశకి ఆధారం ఉంది. 1942 ఫిబ్రవరి 17న సింగపూర్ ఫారర్ పార్కులో సుమారు 45,000 మంది భారతీయ సిపాయిల్ని జపాన్‌కి అప్పగించారు. వాళ్లని గాలికొదిలేసిన దొరల మీద కోపంతోనే కెప్టెన్ మోహన్ సింగ్ మొదటి ఫౌజ్ కట్టాడు. జపాన్‌తో పొసగక ఆ ఏడాది డిసెంబర్‌లో రద్దు చేసి అరెస్టయ్యాడు. నేతాజీ 1943 జూలైలో సింగపూర్ వచ్చి దాన్ని మళ్లీ నిలబెట్టారు, అక్టోబర్ 21న ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించారు. మలయా, బర్మాల్లోని మామూలు జనం వేల సంఖ్యలో చేరారు. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో మేజర్ మిశ్రా బృందం సాధించిన చిన్న విజయం ఆ ఆశని ఇంకా పెంచింది.

అయితే 1944 నాటి సిపాయి 1942 నాటి సిపాయి కాదు. మధ్యలో రెండేళ్లు శిక్షణ, మంచి తిండి, గెలుపు రుచి. ఫౌజ్ గురించి వాళ్లకి తెలియనివ్వలేదు. ఎదురుపడే భారతీయుల్ని "జిఫ్" అని పిలిపించారు, జపాన్ కూలిమూకలని నూరిపోశారు. సైనికుల మధ్య జోష్ జట్లు పెట్టి ప్రతి వారం మాట్లాడించారు. ఇంకా మొరటు కారణం ఒకటుంది. ఒక పక్షం సిపాయి కడుపు నిండి ఉంది, ఎదుటివాడు ఎముకల గూడులా ఉన్నాడు. లౌడ్‌స్పీకర్ పిలుపు విని అటు వెళ్లాలంటే గెలిచే పక్షం అన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకానికి కూడా బియ్యమే కావాలి.

#20 గోదారిగట్టు

నష్టం అంకెలు ఎవరైనా పెట్టండి. ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు.

#21 చింద్విన్

తరచూ చెప్పే లెక్క ఇది. ఇంఫాల్ రంగానికి వెళ్లినవాళ్లు సుమారు 6,000. తిరిగొచ్చినవాళ్లు 2,600, అందులో 2,000 మంది నేరుగా ఆసుపత్రికి. యుద్ధంలో చనిపోయినవాళ్లు 400. ఆకలికీ జబ్బుకీ పోయినవాళ్లు 1,500. లొంగిపోయినవాళ్లు 800, విడిచి వెళ్లినవాళ్లు 715. బ్రిటిష్ గూఢచార వర్గాల లెక్క కాబట్టి ఫౌజ్ చేసిన నష్టాన్ని తక్కువ చేసే మొగ్గు ఉంటుంది. ఆ 400కీ 1,500కీ మధ్య దూరం మాత్రం ఫౌజ్ వాళ్ల మాటలకీ సరిపోతుంది. తుపాకీకి ఒకరు పోతే దాదాపు నలుగురు అన్నం లేక, మందు లేక పోయారు.

జూలై మొదటి వారంలో వెనక్కి రమ్మని ఆదేశం వచ్చింది. జూలై 6న నేతాజీ రేడియోలో గాంధీజీని జాతిపితగా సంబోధించి ఆశీస్సులు కోరారు. ఇంఫాల్ పోయిందని ఆయనకి జపాన్ సేనాని కవాబే నేరుగా చెప్పింది ఆ తర్వాత, జూలై 10న. అప్పటికి యూ నది పొంగి, కబో లోయ బురదలో మనుషులు దారి పక్కన కూర్చున్నచోటే పోతున్నారు.

#22 తూర్పుగాలి

చాలా ఉపయోగపడింది. ఇంత తిండికరువులో నేతాజీ బెంగాల్ కరువుకి బియ్యం పంపుతానన్నారని విన్నాను. అదెలా సాధ్యం?

#23 పల్టన్

1943 ఆగస్టులో రేడియోలో అన్నారు, లక్ష టన్నుల బియ్యం ఇస్తామని, బ్రిటిష్ ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంటే చాలని. జవాబు రాలేదు. అది ఉత్త మాట అని కొట్టిపారేయకండి. రంగూన్ నుంచి కలకత్తాకి సముద్రం మీద దగ్గర దారి, యుద్ధానికి ముందు బెంగాల్ తిన్న బర్మా బియ్యం సముద్రం మీదే వెళ్లేది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఓడకి కాపలా అక్కర్లేదు. అదే బియ్యాన్ని చింద్విన్ దాటించడం వేరు. ఓడరేవు నుంచి ఓడరేవుకి వెళ్లేది వెళ్తుంది, కొండెక్కాల్సిందే ఆగిపోతుంది.

#24 గోదారిగట్టు

ఒక చిన్న సంగతి, తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. నేతాజీతో జర్మన్ జలాంతర్గామిలో వచ్చిన ఏకైక సహచరుడు హైదరాబాదీ, ఆబిద్ హసన్. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో ఎక్కి, ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి రబ్బరు తెప్ప మీద మారి, మేలో సుమత్రా కొసనున్న సబాంగ్‌లో దిగారు. "జై హింద్" పలకరింపుగా స్థిరపడటంలో ఆయన పాత్ర ఉందని చాలామంది చెబుతారు. ఇంఫాల్ రంగంలోనూ ఆయన ఉన్నారు.

మొయిరాంగ్ మర్చిపోయారు ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 14న బహాదుర్ గ్రూప్ అధికారి షౌకత్ మాలిక్ లోక్‌తక్ సరస్సు పక్కన త్రివర్ణ పతాకం ఎగరేశాడు. స్థానిక మణిపురీలు తోడున్నారు.

#25 దస్త్రాలగది

మొయిరాంగ్ సరే. నేను మౌడోక్ గురించి చెప్పాలి, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. కొలతబద్ద గారి లెక్కకి అది ఉదాహరణ కూడా.

సుభాష్ రెజిమెంటు 1వ బెటాలియన్ మిగతా రెండింటితో చిన్ కొండలకి వెళ్లలేదు. రతూరి నాయకత్వంలో అరకాన్‌లో కలదాన్ లోయ వెంట పైకి వెళ్లింది. 1944 మేలో సరిహద్దు దాటి చిట్టగాంగ్ కొండల్లోని మౌడోక్ ఠాణా పట్టుకుంది. అక్కడ ఆయుధాలు, తూటాలు, తిండి దొరికాయి. పట్టుబడినవి బ్రిటిష్ తూటాలు, ఫౌజ్ రైఫిళ్లకి సరిగ్గా సరిపోయేవి. పల్టన్ గారు పైన రాసిన చిక్కు అక్కడ తిరగబడి మేలు చేసింది.

కొన్నాళ్లకి జపాన్ దళం వెనక్కి వెళ్దామంది, సరుకు చేర్చలేమని. జెండా ఎగిరిన నేలని వదలమని ఫౌజ్ వాళ్లన్నారు. మధ్యేమార్గంగా బెటాలియన్‌లో ఎక్కువమంది వెనక్కి వచ్చి, కెప్టెన్ సూరజ్ మల్ కింద ఒక్క కంపెనీ ఉండిపోయింది. అది చూసి జపాన్ వాళ్లు తమ చిన్న దళాన్ని కూడా అతని ఆజ్ఞ కింద వదిలారని ఫౌజ్ వాళ్ల కథనం. దాడులు తట్టుకుంటూ సెప్టెంబర్ దాకా అక్కడే ఉన్నారు. ఇంఫాల్ నుంచి అందరూ వెనక్కి వచ్చేసిన రెండు నెలల తర్వాత కూడా.

#26 కొలతబద్ద

కంపెనీ అంటే 120 మంది అనుకుంటే రోజుకి 72 కిలోల బియ్యం. గాంధీ రెజిమెంటుకి కావలసింది 1,200. దొరికిన సరుకులో అయిదు టన్నులు బియ్యమే ఉంటే రెండు నెలలకి పైగా గడుస్తుంది, మిగతాది చుట్టుపక్కల ఊళ్ల నుంచి సమకూర్చుకోవచ్చు. కంపెనీ ఉండిపోవాలన్నది తెగువ. ఒక్క కంపెనీయే ఉండాలని తేల్చినవాడెవరో గానీ, అతనికి లెక్క తెలుసు.